గెజెట్టా, గెజెటీరా?

కౌతాళం చరిత్ర రాద్దామని కూర్చున్నప్పుడు నా దగ్గరున్నది ఒక ఫోల్డరు. అందులో ‘స్కాన్ 1’, ‘స్కాన్ 1 కొత్తది’, ‘బళ్ళారి ముఖ్యం’ లాంటి పేర్లతో ఓ నలభై పీడీఎఫ్‌లు. ఏది ఎక్కడ దొరికిందో నాకే గుర్తులేదు. నా అవస్థ చూడలేక ఒక మిత్రుడు జొటేరో పెట్టించాడు. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్రకారులు 2006లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ప్రతి ఆధారానికీ ఒక కార్డు ఉంటుంది. కార్డులో రచయిత, ఏడాది, ఊరు, పేజీ, ప్రతి ఎక్కడుంది అంటూ గళ్ళు. అవి నింపి పెట్టుకుంటే వ్యాసం రాసేటప్పుడు పాదసూచికలు అదే అమర్చి పెడుతుంది. చాకిరీ తప్పుతుందనుకున్నాను. కానీ ఆ గళ్ళు నింపడమే అసలు పని అయింది.

మొదటి ట్యాగు ‘కర్నూలు’ అని పెట్టాను. 1886లో వచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ తెరిచి మా ఊరి కోసం వెతికితే లేదు. ఎందుకుంటుంది? అప్పటికి కౌతాళం కర్నూలు జిల్లాలోనే లేదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. అంటే కౌతాళం పాత కాగితాలన్నీ ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉన్న జిల్లా పేరు మీద ఉన్నాయన్నమాట. పైగా ఇంగ్లిషులో ఊరి పేరు ఒకచోట ‘కె ఏ యు’తో మొదలవుతుంది, ఇంకోచోట ‘కె ఓ డబ్ల్యు’తో. ఒక్కో కార్డుకి మూడేసి ట్యాగులు తగిలించాల్సి వచ్చింది.

ఆ మాన్యువల్ రాసినాయన నరహరి గోపాలకృష్ణమచెట్టి. సాఫ్ట్‌వేర్‌కి ఇంటిపేరంటే చివరి మాట. కాబట్టి ఆయన్ని ‘చెట్టి’ కింద పడేసింది. పేరును రెండు గళ్ళుగా విడగొట్టకుండా ఒకే గడిలో రాసే వీలు అందులోనే ఉందని తెలిసేలోపు, నా జాబితాలో తెలుగువాళ్ళు సగంమంది రెడ్లు, శాస్త్రులు, రావులు అయి కూర్చున్నారు.

తేదీల గొడవ వేరే. రెవెన్యూ కాగితంలో ఫసలీ 1286 అని ఉంటే 590 కలిపి, 1876 జులై నుంచి 1877 జూన్ దాకా అని రాసుకోవాలి. ఫసలీ ఏడాది జులైలో మొదలవుతుంది మరి. ఆ లెక్క వేశాక కాసేపు చెయ్యి ఆడలేదు. అది మహా కరువు ఏడాది.

అసలు దెబ్బ మంత్రాలయం కార్డు దగ్గర తగిలింది. మంత్రాలయం, అంటే పాత మంచాల, కౌతాళంలాగే ఆదోని తాలూకాలోది. మన్రో కథ మీకూ తెలిసే ఉంటుంది. మఠం మాన్యం వెనక్కి తీసుకోవాలా వద్దా అని విచారించడానికి వచ్చిన మన్రో, బూట్లు విప్పి లోపలికి వెళ్తే, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారట. మాటలు మన్రోకి మాత్రమే వినిపించాయట. ఈ కథ కింద చాలాచోట్ల కనిపించే ఆధారం: ‘మద్రాసు ప్రభుత్వ గెజెట్, 11వ అధ్యాయం, 213వ పేజీ’. కొన్నేళ్ళ కింద నేనూ ఒక వ్యాసంలో దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాను. మూలం చూడలేదు. చూసినట్టు రాశాను.

ఇప్పుడు కార్డు చేద్దామని పత్రిక అనే రకం ఎంచుకుంటే సంచిక, తేదీ అడిగింది. నా దగ్గర రెండూ లేవు, అధ్యాయం ఉంది. గెజెట్ అంటే ఉత్తర్వులు, ప్రకటనలు అచ్చేసే ప్రభుత్వ పత్రిక. దానికి అధ్యాయాలేమిటి? అప్పుడు వెలిగింది, ఇది గెజెట్ కాదు, గెజెటీర్. డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన బళ్ళారి జిల్లా గెజెటీర్, 1904. అందులో 15వ అధ్యాయం, ఆదోని తాలూకా, 213వ పేజీ. పేజీ సంఖ్య ఒక్కటే క్షేమంగా మిగిలింది.

ఒక్క అక్షరం తేడాకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. గెజెట్ అంటే ఆనాటి ప్రభుత్వం ‘ఇది జరిగింది’ అని ముద్ర వేసినట్టు. గెజెటీర్ అంటే ఒక అధికారి జిల్లా గురించి కూర్చిన పుస్తకం: పంటలు, కోటలు, జాతరలు, జనం చెప్పుకునే కథలు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా మన్రో ఉన్నది 1800 నుంచి 1807 దాకా. పుస్తకం అచ్చయింది 1904లో. మధ్యలో దాదాపు వందేళ్ళు. ఫ్రాన్సిస్ ఆ కథ విని ఉండాలి, చూసి ఉండే వీల్లేదు. భక్తులకి ఈ తేడాతో పనిలేదు, ఉండక్కర్లేదు కూడా. చరిత్ర పేరుతో రాసిన నాకు ఉంది. కార్డు సరిచేశాను. పాత వ్యాసం అచ్చేసిన సంపాదకులకి సవరణ పంపాను. పునర్ముద్రణ చూసేవాళ్ళకో మాట: ఏడాది గడిలో 1904 ఉండాలి, కొత్త అచ్చు ఏడాది కాదు. లేదంటే పుస్తకం స్వాతంత్ర్యం తర్వాత పుట్టినట్టవుతుంది.

మొన్న కౌతాళం వెళ్ళినప్పుడు ఖాదర్‌లింగ స్వామి దర్గా దగ్గర ఒక పెద్దాయన చాలాసేపు కథలు చెప్పాడు. రాత్రి బసకి వచ్చి ‘ఇంటర్వ్యూ’ అనే రకం కార్డు తెరిచి ఆయన పేరు, తేదీ, ఊరు నింపాను. మర్నాడు చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని చదివి, ఇది నా కథ కాదు నాయనా, మా మామ చెప్పింది, ఆయన పేరు రాయి అన్నాడు. రెండు పేర్లూ పెట్టాను. మామకి ఎవరు చెప్పారని అడిగితే, సాయంత్రం రమ్మన్నాడు.