కాలికి తగిలిన తీగ: కిస్‌పెప్టిన్ కథ

ఆడపిల్ల విషయంలో మనకు మాటలకు కొదవ లేదు. ఈడేరింది, సమర్తాడింది, పుష్పవతి అయింది, పెద్దమనిషైంది. మగపిల్లాడికైతే మీసం మొలవడం, గొంతు మారడం. అన్నిటినీ కలిపి 'వయసుకు రావడం' అంటాం, మనిషే నడుచుకుంటూ వయసు దగ్గరికి వెళ్లినట్టు. ఒంట్లో జరిగేది కాస్త వేరు. ఈ ఏర్పాటు పన్నెండో ఏట కొత్తగా తయారయ్యేది కాదు. పుట్టిన మొదటి కొన్ని నెలల్లోనే ఒకసారి పనిచేసి, పసిబిడ్డ రక్తంలో సెక్స్ హార్మోన్లను పెంచుతుంది. డాక్టర్లు దాన్ని మినీ-ప్యూబర్టీ అంటారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నిద్రపోతుంది. మళ్లీ ఒకరోజు లేస్తుంది.

లేపేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబులో పెద్ద ముక్క 2003లో దొరికింది. దాని పేరు కిస్‌పెప్టిన్. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు అంటాం కదా, ఇక్కడ అదీ కాదు. మొదట్లో ఆ తీగ కోసం వెతికినవాళ్లే లేరు. వేరే పనుల మీద వెళ్తున్నవాళ్ల కాళ్లకు అది తగిలింది. అది దేనికి పనికొస్తుందో తేల్చింది మాత్రం కొన్ని కుటుంబాలు. ఆ కుటుంబాల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

కథ అర్థం కావాలంటే ఇంకో ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంటుంది. అది దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ ఆ కబురును అండాశయాలకో వృషణాలకో చేరవేస్తుంది. ఆ మొదటి కబురు పేరు జీఎన్ఆర్‌హెచ్, పది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. 1971లో ఆండ్రూ షాలీ బృందం దాని నిర్మాణాన్ని తేల్చింది. అందుకోసం లక్షన్నరకు పైగా పందుల హైపోథాలమస్‌లను పోగేసి, రుబ్బి, వడగట్టాల్సి వచ్చింది. అదే పందెంలో రోజర్ గియెమాఁ గొర్రెల మెదళ్లతో పరుగెత్తాడు. ఇద్దరూ ఒకరంటే ఒకరికి పడని మనుషులు. 1977లో నోబెల్ కమిటీ ఇద్దరినీ ఒకే వేదిక మీద నిలబెట్టింది.

మరుసటి ఏడాది ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగం ఇంకో సంగతి బయటపెట్టింది. జీఎన్ఆర్‌హెచ్‌ని గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. ఆపకుండా ధారగా ఇస్తే పని మానేసింది. అంటే ఇక్కడ కబురు ఎంత అందింది అన్నదానితో సరిపోదు, ఏ లయలో అందింది అన్నదే అసలు. ఈ వింత ఇప్పుడు వైద్యంలో రోజూ పనికొస్తోంది. మరీ చిన్న వయసులో ఈడేరుతున్న పిల్లలకు డాక్టర్లు జీఎన్ఆర్‌హెచ్ లాంటి మందునే ఎక్కువకాలం పనిచేసే ఇంజెక్షన్‌గా ఇస్తారు. మోత ఆగకపోవడంతో పిట్యూటరీ చెవులు మూసుకుంటుంది. ఈడేరడం ఆగుతుంది.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. జీఎన్ఆర్‌హెచ్ తయారుచేసే న్యూరాన్లు మనిషి మెదడులో ఒకటి రెండు వేలకు మించవు. ఈస్ట్రోజెన్ పెరిగిందో తగ్గిందో బట్టి అవి తమ పనిని మార్చుకుంటాయని అందరికీ తెలుసు. కానీ ఆ మార్పుకి ముఖ్యమైన ఈస్ట్రోజెన్ రిసెప్టర్ వాటి మీద కనబడదు. చెవుల్లేని మనిషి పిలిస్తే పలుకుతున్నట్టు. మధ్యలో ఎవరో విని చెబుతున్నారన్నమాట. ఆ ఎవరో ఎవరు?

ఇప్పుడు కథ పెన్సిల్వేనియాకి వెళ్తుంది. హెర్షీ అనే ఊరికి ఆ పేరు చాక్లెట్ కంపెనీ వల్ల వచ్చింది. ఆ ఊళ్లోని వైద్య కళాశాలలో డానీ వెల్ష్ బృందం కేన్సర్ మీద పనిచేస్తోంది. మెలనోమా కణాల్లోకి ఆరో నంబరు క్రోమోజోమ్‌ను అదనంగా ఎక్కిస్తే, కణితి పెరగడం ఆగలేదు గానీ శరీరంలో వేరే చోట్లకు పాకడం ఆగింది. ఆపుతున్నది ఏ జన్యువు? పాకే కణాలనూ పాకని కణాలనూ పక్కపక్కన పెట్టి తేడా వెతికారు. 1996లో ఒక జన్యువు పట్టుబడింది. తమాషా ఏంటంటే అది ఆరో క్రోమోజోమ్ మీద లేదు, ఒకటో దాని మీద ఉంది. ఆరోది దాన్ని మేల్కొలుపుతోంది, అంతే.

పేరు పెట్టాలి. ఊళ్లో తయారయ్యే 'హెర్షీస్ కిసెస్' చాక్లెట్లు ప్రపంచమంతా తెలుసు. జన్యువు పేరు కిస్-1 అయింది. అందులోని రెండు ఎస్‌లకు 'సప్రెసర్ సీక్వెన్స్' అనే గంభీరమైన అర్థం కూడా కుదిరింది. ముద్దుకీ సంతానానికీ ఉన్న సంబంధం అప్పుడు ఎవరి మనసులోనూ లేదు. వాళ్లు పేరు పెట్టింది కేన్సర్‌ని ఆపే జన్యువుకి.

అదే కాలంలో కెనడాలో, టొరంటోలో, ఇంకో బృందం ఎలుక మెదడులో ఒక రిసెప్టర్‌ని కనుక్కుంది. అది 1999. జీపీఆర్54 అని నంబరు వేసి వదిలేశారు. దాని మీద వాలే అణువు ఏదో తెలీదు. ఇలాంటివాటిని అనాథ రిసెప్టర్లు అంటారు. తాళం దొరికింది, చెవి లేదు. 2001లో జపాన్‌లోని టకెడా మందుల కంపెనీ శాస్త్రవేత్తలు, విడిగా బెల్జియం వాళ్లు, ఆ తాళంలో పట్టే చెవి కోసం మనిషి మాయను జల్లెడ పట్టారు. అవును, బిడ్డతో పాటు బయటికొచ్చే మాయ. అందులో 54 అమైనో ఆమ్లాల పెప్టైడ్ దొరికింది. అది హెర్షీ వాళ్ల కిస్-1 జన్యువు తయారుచేసేదే! జపాన్ వాళ్లు మెటాస్టిన్ అన్నారు, కేన్సర్ పాకడాన్ని ఆపుతుంది కాబట్టి. బెల్జియం వాళ్లు కిస్‌పెప్టిన్ అన్నారు. చివరికి చాక్లెట్ పేరే గెలిచింది.

ఇంతా చేసి, 2002 నాటికి ఇది కేన్సర్ కథే. మాయలో అంత సమృద్ధిగా ఎందుకుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. సంతానం గురించి పనిచేసేవాళ్లలో దీన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు.

మలుపు ఇళ్లలోంచి వచ్చింది. కొన్ని కుటుంబాల్లో కొందరు పిల్లలు ఎంతకీ ఈడేరరు. ఇరవై దాటినా మగపిల్లలకు గొంతు మారదు, ఆడపిల్లలకు నెలసరి రాదు. ఎత్తు, తెలివి, మిగతావన్నీ మామూలే. పారిస్‌లో నికోలా ద రూ బృందం అలాంటి ఒక కుటుంబాన్ని, బోస్టన్‌లో స్టెఫనీ సెమినారా బృందం సౌదీ అరేబియాకి చెందిన ఇంకో పెద్ద కుటుంబాన్ని పరిశీలించాయి. రెండిట్లోనూ దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఉన్నాయి. మేనరికాలు చూస్తూ పెరిగిన మనకు ఈ లెక్క తేలిగ్గానే ఎక్కుతుంది. తాతదో అమ్మమ్మదో ఒక పాడైన జన్యు ప్రతి రెండు దారుల్లో దిగి, ఒకే బిడ్డ దగ్గర జంటగా కలిసే అవకాశం అలాంటి పెళ్లిళ్లలో ఎక్కువ. ఒక ప్రతి బాగుంటే ఇబ్బంది లేదు. రెండూ పాడైతేనే లోపం బయటపడుతుంది.

2003 చివరి నెలల్లో, వారాల తేడాతో, రెండు బృందాలూ ఒకే పేరు చెప్పాయి: జీపీఆర్54. ఆ అనాథ రిసెప్టర్! సెమినారా పేపర్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి ఎలుకల సాక్ష్యం కూడా ఉంది. కోడ్‌లో ఒక లైను ఏం చేస్తోందో తెలియకపోతే మేం చేసే మొదటి పని, దాన్ని కామెంట్ చేసి ఏది ఆగిపోతుందో చూడడం. అక్కడ ఎలుకల్లో సరిగ్గా అదే చేశారు. రిసెప్టర్ లేని ఎలుకలు ఎదిగాయి, ఈడేరలేదు. వాటి మెదడులో జీఎన్ఆర్‌హెచ్ మామూలుగానే ఉంది! సరుకు గోదాములో ఉంది, బయటికి పంపమనే ఆర్డరు మాత్రం రావడం లేదు. ఆ ఆర్డరే కిస్‌పెప్టిన్.

ఆ తర్వాత పాత చిక్కుముళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. ఈస్ట్రోజెన్‌ని విని జీఎన్ఆర్‌హెచ్ న్యూరాన్లకు చెప్పే మధ్యవర్తి ఈ కిస్‌పెప్టిన్ న్యూరాన్లే. ఎలుకల్ని పస్తు పెడితే వాటిలో కిస్‌పెప్టిన్ తగ్గింది. తిండి లేని ఒళ్లు సంతానాన్ని ఎందుకు వాయిదా వేస్తుందో అర్థం చేసుకోవడానికి అదొక దారి. 2008లో బ్రెజిల్ వైద్యులు దీనికి తలకిందుల కేసు చూపించారు. అదే రిసెప్టర్‌లో, ఈసారి సంకేతం త్వరగా ఆగకుండా చేసే మార్పు, మరీ తొందరగా ఈడేరిన ఒక పాపలో. 2009లో టర్కీ కుటుంబాల నుంచి న్యూరోకైనిన్-బి అనే ఇంకో పెప్టైడ్ పేరు బయటికొచ్చింది. 2012లో మళ్లీ టర్కీ నుంచే, కిస్-1 జన్యువే పాడైన కుటుంబం.

న్యూరోకైనిన్-బి, కిస్‌పెప్టిన్, డైనార్ఫిన్ అనే మూడోదీ ఒకే న్యూరాన్లలో కలిసి ఉంటాయని తేలింది. ఒకటి తోస్తుంది, ఇంకొకటి బ్రేకు వేస్తుంది. నోబిల్ కోతుల్లో చూసిన గంటకోసారి లయ పుట్టేది ఇక్కడే. మూడు పేర్ల మొదటి అక్షరాలూ కలిపి ఆ న్యూరాన్లను 'క్యాండీ' అని పిలుస్తారు. హెర్షీ ఊరు వదిలిపెట్టలేదన్నమాట.

ఈ న్యూరాన్లకు ఇంకో చివర కూడా ఉంది. 1990ల మొదట్లోనే అమెరికాలో నయోమీ రాన్స్, ముట్లుడిగిన స్త్రీల మెదళ్లను మరణానంతరం పరీక్షించి, హైపోథాలమస్‌లో కొన్ని న్యూరాన్లు బాగా ఉబ్బి ఉన్నాయని రాశారు. అవి ఈ క్యాండీ న్యూరాన్లేనని తర్వాత తెలిసింది. ఈస్ట్రోజెన్ అదుపు పోయాక అవి రెచ్చిపోయి, పక్కనే ఉన్న ఉష్ణోగ్రత కేంద్రాన్ని కదిలిస్తాయి. అమ్మలు ఫ్యాను కింద కూర్చుని "ఒళ్లంతా సెగలొస్తున్నాయే" అనేది దీనివల్లే. న్యూరోకైనిన్-బి రిసెప్టర్‌ని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకి 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఈడేరని పిల్లల నుంచి తెలిసిన సంగతీ, ముట్లుడిగిన స్త్రీల మెదళ్లు చెప్పిన సంగతీ ఒకే మాత్రలో కలిశాయి.

కిస్‌పెప్టిన్ మాత్రం ఇంకా ప్రయోగశాల గడప పూర్తిగా దాటలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో వల్జీత్ ధిల్లో బృందం 2005లో దాన్ని మొదటిసారి ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి చూసింది. 2014లో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 53 మంది స్త్రీలకు, అండాలు పక్వం కావడానికి మామూలుగా వాడే ఇంజెక్షన్ బదులు ఇచ్చింది. పిల్లలు పుట్టారు. ఆ మామూలు ఇంజెక్షన్‌తో కొందరికి అండాశయాలు ప్రమాదకరంగా వాచిపోతాయి. ఆ ముప్పు ఉన్నవాళ్లకు ఇది మేలైన దారి కావచ్చన్నది ఆశ.

ఈ కథలో నన్ను ఆపేది ఈ ఆశ కన్నా ఆ 2003 కుటుంబాలు. మన ఇళ్లలో ఇలాంటి పిల్లాడు పుడితే ఏమంటారో తెలుసు. "మీసం ఎప్పుడొస్తుందిరా", తర్వాత "మగాడివేనా". ఆడపిల్లయితే మొదట గుళ్ల చుట్టూ తిప్పడం, తర్వాత 'గొడ్రాలు'. ఈ మాటలన్నీ మనిషి మీద తీర్పులు. తీరా చూస్తే జరిగింది ఒక రిసెప్టర్‌లో చిన్న మార్పు. జీఎన్ఆర్‌హెచ్‌ని లయ ప్రకారం ఇచ్చే పంపుతోనో, పిట్యూటరీ హార్మోన్ల ఇంజెక్షన్లతోనో ఇలాంటివాళ్లలో చాలామందికి పిల్లలు కూడా పుడతారు. చికిత్స కన్నా కష్టమైనది డాక్టరు గది దాకా వెళ్లి ఆ మాట పైకి చెప్పడం.

ఆ కుటుంబాలు వెళ్లి చెప్పాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వరసగా రక్తం ఇచ్చారు. జన్యుశాస్త్ర పేపర్లలో మగవాళ్లు చతురస్రాలు, ఆడవాళ్లు వృత్తాలు, లోపం ఉన్నవాళ్లు నల్లగా నింపిన గుర్తులు. దగ్గరి బంధువుల పెళ్లికి జంట గీత. పేర్లు ఉండవు, ఉండకూడదు కూడా. జన్యువుకి చాక్లెట్ పేరు ఎలా వచ్చిందో ప్రతి వ్యాసమూ ముచ్చటగా చెబుతుంది, నేనూ చెప్పాను. అది దేనికి ఉందో చెప్పింది మాత్రం ఆ నల్లటి చతురస్రాలూ వృత్తాలూ.