లాంతరు తిరుగు ప్రయాణము

లాంతరు అను పేరు ఐరోపా భాషలనుండి వచ్చి తెలుగున స్థిరపడినది. హిందీలో అదియే లాల్‌టేన్ అయినది. పేరుతోపాటు ఆ వస్తువును ఓడలమీదనే వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన రేవులలో దిగిన ఆ రేకుదీపముల సంతతివే నేడు మరల పెట్టెల కెక్కి అమెరికాకును ఐరోపాకును పోవుచున్నవి. వాని వెంట సంపన్నుల గాజుదీపములు, పల్లెటిండ్ల ఇత్తడి దీపములు కూడ పోవుచున్నవి. లాంతరు వచ్చినపుడు సరకు. పోవునపుడు సేకరణకర్తల అపురూప వస్తువు. ఈ రెండు ప్రయాణముల నడుమ దానిని వెలిగించుకొన్న ఇండ్ల చరిత్ర యేమగుచున్నదన్నదే విచారింపదగిన విషయము.

కిరసనాయిలునకు ముందు మన ఇండ్లలో ఆముదము, నువ్వులనూనె వెలుగు నిచ్చెడివి. అవి చిక్కని నూనెలు; ప్రమిదకు గాజుబుడ్డి అక్కరలేదు. పలుచనిదై పొగ హెచ్చుగా గల కిరసనాయిలు గాలిని అదుపుచేయు గాజును కోరును. జాన్ ఇర్విన్ అను అమెరికను 1860, 1870 దశకములలో పొందిన పేటెంటులతో ఈ సమస్య చక్కగా తీరినది. లాంతరున కిరుప్రక్కల నుండు రేకుగొట్టములు పట్టుకొనుటకే యని పలువురు తలంతురు. నిజమునకవి గాలిగొట్టములు. పైనుండి గాలిని క్రిందికి దింపి వత్తికి అందించును. అందుచేతనే గాలివానలో సయితము మంట నిలుచును. హరికేన్ లాంతరు అను పేరునకు అదియే కారణము. 1840లో బ్రూక్లిన్‌లో దీపముల వ్యాపారము నారంభించిన రాబర్ట్ డీట్జ్ పేర వెలసిన కంపెనీ ఇట్టి లాంతరులను లోకమంతట అమ్మెను. జర్మనీలోని సాక్సనీనుండి ఫ్వాయర్‌హాండ్ లాంతరులు వెలువడినవి. బెర్లిన్‌లో 1910 ప్రాంతమున పుట్టిన పెట్రోమాక్సు మన పెండ్లి ఊరేగింపులకును వీధినాటకములకును వెలుగైనది. వీనికి కావలసిన నూనెయు ఓడలలోనే వచ్చుచుండెను. 1892లో మ్యూరెక్స్ అను ఓడ బాతూమ్ రేవు కిరసనాయిలును డబ్బాలలో గాక తన తొట్లలోనే నింపుకొని సూయెజ్ కాలువ దాటి బ్యాంకాకు చేరుటతో తూర్పుదేశముల నూనె వ్యాపారము కొత్త దారి పట్టెను.

స్వదేశీ ఉద్యమ ప్రభావమున దేశీయులును ఈ పనికి పూనుకొనిరి. మహారాష్ట్రమున కరాడ్ సమీపమునందలి ఓగలేవాడిలో గాజు కర్మాగారమును నెలకొల్పిన ఓగలే సోదరులు 'ప్రభాకర్' లాంతరును తయారుచేసిరి. విదేశీ లాంతరు వెలుగులో రాట్నము వడకుట కిష్టపడని ఇండ్లకు అది ఎంతటి ఊరటయో నేడు ఊహించుట కష్టము. ఫిరోజాబాదు కొలుములలో దీపపు చిమ్నీలు తయారయ్యెను.

సంపన్నుల దీపముల కథ వేరు. బర్మింగ్‌హాము నందలి ఆస్లర్ సంస్థ కలకత్తాలోనే దుకాణము తెరచి, సంస్థానాధీశులకు గాజు షాండ్లియర్ల నమ్మెను. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున దర్బారు మందిరమునందు బెల్జియము గాజు షాండ్లియర్లు నేటికిని వ్రేలాడుచున్నవి. ప్రాసాదములందలివి నిలిచినవి, చెట్టినాడు మేడలలోనివి పెక్కు నిలువలేదు. బర్మాలో వడ్డీ వ్యాపారముచే గడించిన ధనముతో నగరత్తార్లు అచ్చటి టేకును, ఇటలీ పాలరాతిని, ఐరోపా గాజుదీపములను తెప్పించి ఇండ్లు కట్టిరి. 1942లో జపాను దండయాత్ర, పిమ్మట 1960 దశకపు జాతీయీకరణము వారి బర్మా ఆస్తులను హరించెను. ఉమ్మడి మేడలలో వాటాదారులు పెరిగిరి. మరమ్మతునకు పూనుకొను వారు తగ్గిరి. మేడను విప్పి తలుపును, స్తంభమును, దీపమును విడివిడిగా అమ్ముట కారైకుడిలో ఒక వ్యాపారమే అయినది.

పేదవాని దీపమునకు ఆ పాటి గౌరవము కూడ దక్కలేదు. విద్యుత్తు వచ్చిన ఊరిలో లాంతరు అటుకెక్కెను, అటుకుమీదినుండి పాత ఇనుము కొనువాని తట్టలోనికి దిగెను. మణిపూర్ లోని లైసాంగ్ గ్రామమునకు విద్యుత్తు అందినదనియు, దానితో దేశమునందలి గ్రామములన్నియు విద్యుదీకరింపబడెననియు ప్రభుత్వము ప్రకటించినది 2018 ఏప్రిల్ 28న. అప్పటికే ఎన్నో ఇత్తడి దీపములు తూకమునకు అమ్ముడై కరగిపోయినవి. ఎగుమతి వ్యాపారిని నిందించుటకు ముందు ఈ మాట తలచుకొనవలెను: బొంబాయి చోర్ బజారులోనో, కొచ్చి మట్టాంచేరిలోనో నిలిచిన పాతదీపము మూస నోటినుండి తప్పించుకొన్నదే.

విదేశపు కొనుగోలుదారు చూచునవి వేరు. బర్నరు మొదటిదేనా, గాజుబుడ్డిపై కంపెనీ అక్షరములున్నవా, రేకుపై పేటెంటు తేదీ కలదా యని పరీక్షించును. తళతళ మెరయునట్లు తోమిన దీపమునకు విలువ హెచ్చునని మన వ్యాపారి తలచును. కాలము పూసిన మసకయే కావలెనని కొనువాడు కోరును. పంపుటయు సులభము కాదు. నూనెతొట్టిని పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టవలెను. కిరసనాయిలు మండు పదార్థము గనుక ఆ తడితో సరకు పంపరాదు. గాజును విడదీసి వేరుగ చుట్టవలెను. పెట్టె కొయ్యదైనచో, పురుగు దేశాంతరము పోకుండ 2002లో ఏర్పడిన అంతర్జాతీయ నియమము ననుసరించి ఆ కొయ్యను కాచి ముద్ర వేయవలెను.

అన్నింటికంటె పెద్ద అడ్డు చట్టము. 1947 నాటి ఎగుమతి నియంత్రణ శాసనము స్థానమున 1972లో పురావస్తువుల, కళానిధుల చట్టము వచ్చి 1976 ఏప్రిల్ 5 నుండి అమలైనది. నూరేండ్లకు తక్కువ కాని వయస్సు గల కళావస్తువు, భవనమునుండి ఊడదీసిన వస్తువు, గతకాలపు శాస్త్రమును ఆచారమును తెలుపు వస్తువు ఇందు పురావస్తువు. దానిని ప్రైవేటువ్యక్తి దేశము దాటింపరాదు. అతిక్రమించినచో ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష. వస్తువు విదేశమున తయారైనదను కారణమున నిర్వచనములో మినహాయింపు లేదు. సందేహము కలిగినచో తేల్చవలసినది పురావస్తుశాఖ డైరెక్టరు జనరలు, లేదా ఆయన నియమించిన అధికారి.

ఈ గీటు కదలుచుండు గీటు. చట్టము వచ్చిన నాడు ఏబది యేండ్లయినను నిండని లాంతరు నేడు నూరేండ్ల గడపలో నున్నది. 1925లో తయారైనది 2025లో దానిని దాటెను. పేటెంటు తేదీ చూచి వయస్సు చెప్పరాదు, ఒకే పేటెంటుతో దశాబ్దములు తయారుచేయుదురు గనుక.

పూనాలో దినకర్ కేల్కర్ ఇట్టి వస్తువులను చట్టముకొరకు వేచియుండక సేకరించెను. 'అజ్ఞాతవాసి' పేర కవిత్వము వ్రాసిన ఆయన, చిన్నతనముననే మరణించిన కుమారుడు రాజా పేర మ్యూజియము నిలిపెను. అందు దీపములకు ప్రత్యేక స్థానమిచ్చెను. భారతదేశపు దీపములపై ఆయన గ్రంథము 1961లో ప్రభుత్వ ప్రచురణగా వెలువడెను. కేల్కర్ వెదకినది ముఖ్యముగా ఇత్తడి, కంచు దీపములను. రేకు లాంతరు నాటికింకను ఇంటింట వెలుగుచునే యున్నది. వెలుగుచున్న దానిని ఎవరు దాచుదురు? ఇప్పుడది పెట్టెలో పోవుచున్నది. ఎగుమతి పత్రమునందు బరువు, విలువ, లోహము పేరు వ్రాయుదురు. ఏ యూర, ఎవరి వసారాలో వ్రేలాడెనో వ్రాయుటకు అందు గడి లేదు.