క్రోమాటిక్ ఫాంటసియా: పాఠనిర్ణయము

జర్మనీదేశపు సంగీతకర్తలలో నగ్రగణ్యుడగు యొహాన్ సెబాస్టియన్ బాఖ్ (క్రీ. శ. 1685–1750) హార్ప్సికార్డు వాద్యమునకై రచించిన కృతులలో 'క్రోమాటిక్ ఫాంటసియా, ఫ్యూగ్' అనునది మిగుల ప్రఖ్యాతి గాంచినది. బాఖ్ కోథెన్ సంస్థానమున నుద్యోగియై యున్న 1717–1723 సంవత్సరముల ప్రాంతమున నిది జనించెనని పండితులు పెక్కురు తలంతురు. కర్త స్వహస్తలిఖితమగు ప్రతి నేడు లభింపదు. శిష్యులును నితరులును వ్రాసికొనిన ప్రతులే మిగిలినవి. అవియు నన్నిచోట్ల నొండొంటితో నేకీభవింపవు. కావున నీ కృతికి సరియైన పాఠ మేది యను విచారము తప్పనిసరి యైనది.

హార్ప్సికార్డునందు మెట్టు నొక్కినంతనే పక్షియీకతో జేసిన ములుకు తంత్రిని మీటును. వ్రేలియొత్తిడి హెచ్చినను దగ్గినను నాదబలమున భేద మత్యల్పము; పుట్టిన నాదమును శీఘ్రముగనే క్షీణించును. అందుచే స్వరసముదాయము నొక్కమాఱే మ్రోగించి యూరకుండక, స్వరములను విడదీసి క్రిందుమీదులుగా వరుసతో మీటుట వాదకుల యాచారము. దీనికి ఆర్పెజ్జియో యని పేరు. ఇక ఫాంటసియా యనగా, వాదకుడు లయనియమమునకు లోబడక యప్పటికప్పుడు కల్పించు స్వరవిస్తారమును బోలిన రచన. కర్ణాటకసంగీతమందలి రాగాలాపనతో నిందుకు గొంత సామ్యము గలదు.

ప్రస్తుతకృతియందు ఫాంటసియా 79 ఖండముల పరిమితి గలది. మొదట నతిద్రుతములగు స్వరధారలు. పిమ్మట ఆర్పెజ్జియో యను మాటతో గూడిన స్వరసముదాయములు. అటుపై రెసిటాటివ్ అని సూచింపబడిన భాగము. సంగీతనాటకములలో పాత్రలు సంభాషణమును పాడు రీతి కా పేరు గలదు. ఇచట దానిని మాటలు లేకయే వాద్యము పలుకును. సప్తకమందలి పండ్రెండు స్వరస్థానములను స్వేచ్ఛగా స్పృశించుటచే క్రోమాటిక్ అను విశేషణము వచ్చినది. తరువాతి ఫ్యూగ్ మూడు స్వరపంక్తులతో నియమబద్ధముగ సాగును.

సంశయములు రెండు విధములు. ప్రతులలో స్వరములును ఖండములును భేదించుట మొదటిది. ప్రథమరూప మనదగిన పాఠమొకటి యారంభభాగమున భిన్నముగ నున్నది. ఇది లేఖకప్రమాదము గాదు. కర్తయే తన రచనను సంస్కరించెననుట యుక్తము. వ్రాతయే సంక్షిప్తమై యుండుట రెండవది. ఆర్పెజ్జియో యని యున్నచోట స్వరముల క్రమమును, పునరావృత్తిని కర్త వాదకునికే విడిచెను.

ఈ రెండవ విషయమున సంప్రదాయమే ప్రమాణమని కొందఱు భావించిరి. 1802లో బాఖ్ జీవితచరిత్రమును బ్రకటించిన ఫోర్కెల్, ఇట్టి కృతి మఱియొకటి కర్తరచనలలో నెంత వెదకినను దొరకలేదని వ్రాసెను. ఆతని శిష్యుడు గ్రీపెన్‌కెర్ల్ 1819లో నీ కృతిని బ్రకటించుచు, వాదనపద్ధతి బాఖ్ నుండి పుత్రుడగు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్‌కును, ఆతనినుండి ఫోర్కెల్‌కును, ఫోర్కెల్‌నుండి శిష్యులకును సంక్రమించినదని తెలిపెను. ఈ గురుపరంపర గౌరవింపదగినదే. కాని మూడు తరములు గడచిన పిమ్మట లిఖితమైన సాక్ష్యము సంప్రదాయమును దెలుపునుగాని, కర్తహస్తమునకు సమానము గాజాలదు.

పియానో ప్రచారమునకు వచ్చిన పిదప స్వేచ్ఛ మఱింత ప్రబలెను. మెండెల్సన్ తానా స్వరసముదాయముల నెట్లు విస్తరించి వాయించునో 1840లో సోదరికి లేఖ వ్రాసెను. అది వాదకుని యధికారమే. హాన్స్ ఫాన్ బ్యూలో మాత్రము తాను బ్రకటించిన ముద్రణమున తన యభిరుచి ననుసరించిన కల్పనలను మూలముతో గలిపి చూపెను. చదువరి కేది బాఖ్‌ది, యేది బ్యూలోది యను వివేకము దుష్కరమయ్యెను. 1910లో షెంకర్ విమర్శనాత్మకముద్రణము నొనర్చి, యీ పద్ధతిని దీవ్రముగ ఖండించెను.

కావున బరిష్కర్తకు రెండు ధర్మములు గలవు. పాఠభేదములను బ్రతిసాక్ష్యముచే దీర్పవలెను. కర్త రెండు పాఠములను నిర్మించియుండినచో, వానిని సంకరము చేయక వేఱువేఱుగ నిలుపవలెను. కర్త బుద్ధిపూర్వకముగ విడిచిన యవకాశమును మాత్రము పూరింపరాదు. దానిని నింపు నధికారము వాద్యముముందు గూర్చున్న వానిదే.