పిట్టలదొర కట్టెతుపాకి

ఖాకీ దుస్తులు, నెత్తిన దొరటోపీ, భుజాన కట్టెతుపాకి. పిట్టలదొర వీథిలోకి వచ్చాడంటే పిల్లలందరూ వెంటపడేవారు. తెలంగాణలో ఇతడే తుపాకి రాముడు. పేలని తుపాకి పట్టుకొని ఆకాశమంత కోతలు కోస్తాడు. ఆ వేషం మీద ఒక చట్టపు నీడ ఉన్నదని నా అనుమానం.

1857 నాటి భయం తెల్లదొరతనాన్ని చాలాకాలం వదలలేదు. 1878లో లిట్టన్ ప్రభువు హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. తుపాకులే కాదు, కత్తులు, బల్లేలు, విల్లంబులు సైతం అందులో ఆయుధాలే. దేశీయునికి లైసెన్సు కావాలి, ఐరోపావారికి మినహాయింపు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా ఆ ఏడాదిదే, ఆ లిట్టన్‌దే. (రాతగాళ్లం మనం మరువరాని సంగతి.) పత్రికల చట్టం రిప్పన్ కాలంలోనే పోయింది. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. ఆయుధాల చట్టం మాత్రం కదలలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడినది తుపాకుల కోసమే. 1959లో స్వతంత్ర భారతం చేసుకున్న చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చాకగాని పాతది తొలగలేదు.

ఈ కొత్త చట్టంలో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న మినహాయింపు. ఆటబొమ్మగా తప్ప మరెందుకూ పనికిరానిదీ, పనిచేసే ఆయుధంగా మార్చ వీలులేనిదీ ఆయుధం కాదట. పిట్టలదొర నిశ్చింతగా ఉండవచ్చు! మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని తిరునాళ్లలో ప్లాస్టిక్ తుపాకికై మారాము చేసే పిల్లవాడూ అంతే. అయితే వీలులేనిదీ అన్న మాటలోనే మెలిక ఉంది. బొమ్మ తుపాకిని, నకలు తుపాకిని నిజంగా పేలేటట్టు మార్చడం ఆరవ సెక్షను కింద నేరం. 2019 సవరణ తరువాత దానికి ఏడేళ్లకు తగ్గని ఖైదు, యావజ్జీవం దాకా పోవచ్చు. గొట్టం బిగించి చూద్దామనే కుర్రతనానికి ఇది తెలియదు.

ఎయిర్‌గన్ సంగతి వేరు. మందుగుండుతోనే కాక ఇతర శక్తులతో గుండును విసిరేది కూడా తుపాకియేనని చట్టం నిర్వచించింది. గాలి ఆ శక్తులలోనిదే. 2016 నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు వెలువడే శక్తి 20 జౌళ్లు మించినా లైసెన్సు తప్పదు. అంతకు లోపున అక్కరలేదు. దానితో అదీ బొమ్మే అనుకుంటున్నారు పెద్దలు. కాదు. కంటిని పోగొట్టడానికి అందులో కొద్దిపాటి శక్తి చాలు. రాతికి తగిలి వెనుదిరిగిన సీసపు గుండుకూ ఆ బలం ఉంటుంది. దివిసీమ డొంకల్లో దానిని పట్టుకొని తిరిగే కుర్రవాడు గురిచూసేది సాధారణంగా కొంగనో, నీటికోడినో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అది వేట. చేతిలోనిది లైసెన్సు అక్కరలేని తుపాకి అయినా సరే.