ఒక్క అక్షరంగా మిగిలిన ఇంటిపేరు: పుల్లంరాజు నుంచి బూర్గుల, బూర్గుల నుంచి 'బీ'

ఈ ఎపిసోడ్ కోసం నేను పెద్ద దూరం ఏం పోలేదు. నేనుండేది నారాయణగూడలో. పొద్దున్నే బయల్దేరి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా నడిచాను. ఈ రూట్ మీలో చాలామందికి తెలుసు. అడుగుకో కోచింగ్ సెంటర్, సెంటర్ ముందు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా ర్యాంకర్ల ఫొటోలు. ఈసారి ఫొటోలు చూడలేదు, కింద ఉన్న పేర్లు చదువుకుంటూ పోయాను. కె, పక్కన చుక్క, తర్వాత పేరు. బి, చుక్క, పేరు. ఎం, చుక్క, పేరు. ఆ కె అంటే కందుకూరా? కొత్తపల్లా? కట్టానా? తెలీదు. అడిగేవాళ్ళు కూడా లేరు.

వెనక్కి వస్తుంటే నారాయణగూడలోనే ఒక స్కూల్ ఉంది. మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల. నిజాం రాజ్యంలో ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పడానికి 1928లో మొదలైన బడి. దాన్ని నిలబెట్టిన మాడపాటి గారే తర్వాత 1951లో హైదరాబాద్ మేయర్ అయ్యారు. అక్కడ మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంది. మాడపాటి. కుదించలేదు, చుక్క పెట్టలేదు.

ఫ్లెక్సీకి, ఆ స్కూల్ పేరుకి మధ్య మన ఇంటిపేర్లకి ఏమైంది? ఇదే ఈరోజు టాపిక్.

ముందు నా సంగతి చెప్తా. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగంలో చేరిన రోజు ఆన్‌లైన్ ఫారం ఇచ్చారు. లాస్ట్ నేమ్ అనే గడిలో ఆ ఒక్క అక్షరం కొట్టాను. ఎర్రగా వచ్చింది: కనీసం రెండు అక్షరాలు ఉండాలట. సర్టిఫికెట్లలో ఉన్నదే రాయాలి, లేనిది రాయొద్దు అన్నారు. చేసేది లేక నా పేరునే రెండు ముక్కలు చేసి రెండోదాన్ని ఆ గడిలో పెట్టాను. నాలుగేళ్ళు నా పేరులో సగమే నా ఇంటిపేరు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. తర్వాత ఒక ప్రాజెక్టులో అలాంటి ఫారం నేనే తయారు చేశాను. రెండు అక్షరాల రూల్ నేనే రాశాను.

ఆ మధ్య మా నాయనమ్మని అడిగాను, మన ఇంటిపేరు ఎక్కడిదని. "అదొక ఊరురా" అంది. "మరి ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎవరున్నారు?" అన్నా. "ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు ఎవరికుంటది? ఊరు విడిచొచ్చినోళ్ళకే ఉంటది" అంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఊళ్ళో అందరిదీ అదే ఊరైనప్పుడు, ఊరి పేరు చెప్తే ఎవర్నని గుర్తుపడతాం? వేరే ఊరికి పోయినప్పుడే "ఎవరు? ఫలానా ఊరి వాళ్ళు" అంటారు. ఆ మాట అతుక్కుపోయి ఇంటిపేరు అవుతుంది. అంటే ఊరి పేరుతో ఉన్న ప్రతి ఇంటిపేరు వెనకా ఒక ప్రయాణం ఉందన్నమాట.

దీనికి చరిత్రలో సాక్ష్యం కావాలంటే మనకి బాగా దగ్గరి మనిషే ఉన్నారు. బూర్గుల రామకృష్ణారావు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి. 1956లో ఆ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యేదాకా ఆయనే. తర్వాత కేరళకి, ఉత్తరప్రదేశ్‌కి గవర్నర్. ఉర్దూ, పారసీ బాగా తెలిసిన పండితుడు, పారసీ కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చిన మనిషి. ఆయన పుట్టింది 1899లో, కల్వకుర్తి దగ్గర పడకల్ అనే ఊళ్ళో. స్వగ్రామం బూర్గుల, ఇప్పటి షాద్‌నగర్ పక్కన.

ఇప్పుడు అసలు విషయం. ఆ కుటుంబం ఇంటిపేరు బూర్గుల కాదు. పుల్లంరాజు. ఊరి పేరు బూర్గుల వచ్చి మీద కూర్చుంది, పుల్లంరాజు కిందకి పోయింది. ఇంటిపేరు అంటే రాతి మీద చెక్కినట్టు ఎప్పటికీ మారనిదని మనం అనుకుంటాం. కానీ చూడండి, ఒక ముఖ్యమంత్రి ఇంట్లోనే ఒక ఇంటిపేరు పోయి ఇంకోటి వచ్చింది. బూర్గుల అందరికీ తెలుసు. పుల్లంరాజు ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు కొంచెం వ్యాకరణం. భయపడకండి, ఒక్క నిమిషమే. కందుకూరు ఊరు. కందుకూరి వీరేశలింగం మనిషి. ఊరు ఊరి అయింది. ఇలాగే 'పాడు' అని ముగిసే ఊళ్ళ పేర్లు ఇంటిపేరు అయ్యేటప్పుడు 'పాటి' అవుతాయి. మాడపాటిలో ఉన్న 'పాటి' అదే. "కందుకూరి మనిషి" అంటే కందుకూరుకి చెందిన మనిషి. చివర్లో మారిన ఆ చిన్న ఇకారమే "యొక్క" అనే పని చేస్తోంది. బూర్గుల లాంటి పేర్లలో అదీ అక్కర్లేదు, ఊరి పేరు ఉన్నదున్నట్టే సరిపోతుంది.

ఇది మనకొక్కరికే ఉన్న పద్ధతి కాదు. పోలండ్‌లో స్కీ అని ముగిసే ఇంటిపేర్లు మీరు వినే ఉంటారు. తార్నువ్ అనే ఊరి ప్రభువుల కుటుంబం తార్నోవ్‌స్కీ అయింది. ఆ స్కీ చేసే పని, మన కందుకూరిలో ఇకారం చేసే పని ఒక్కటే. ఆ దేశం ఎక్కడ, మన కందుకూరు ఎక్కడ? ఇద్దరికీ తట్టిన ఆలోచన ఒకటే: నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో అదే నీ ఇంటికి పేరు.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళవే కాదు లెండి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది కదా, ఆ గ్రంథాలయం 1901లో మొదలైంది ఒకాయన ఇంట్లో. ఆయన పేరు రావిచెట్టు రంగారావు. ఇంటిపేరే చెట్టు! 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే బ్రిటిష్ అధికారి దక్షిణ భారత కులాల మీద 7 సంపుటాలు అచ్చు వేశాడు. అందులో మన మాటనే తీసుకుని ఇంటిపేరులు అని రాస్తూ జాబితాలు ఇచ్చాడు. ఆవుల, చీమల, గుర్రం ఇలా. చెట్లు, జంతువులు, ధాన్యాలు, వృత్తులు, పదవులు, అన్నీ ఇంటిపేర్లయ్యాయి. వీటికి ఒక పని కూడా ఉండేది. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు ఉంటే అన్నదమ్ముల లెక్క, పెళ్ళి కుదరదు. అదే ఇంటిపేరు వేరే కులంలో కూడా ఉండొచ్చు, ఎందుకంటే ఒక ఊరి నుంచి వలసపోయేది ఒక్క కులం వాళ్ళే కాదు కదా.

సరే, పుట్టుక అర్థమైంది. మరి ఇంటిపేర్లు ఎలా అంతరిస్తాయి? ఇక్కడ నాలోని ఇంజనీర్ లేచి కూర్చున్నాడు. 1873లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఒక పత్రికలో ఈ ప్రశ్నే లెక్కగా వేశాడు. పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు కనబడకుండా పోతున్నాయి? హెన్రీ వాట్సన్ అనే గణితజ్ఞుడు జవాబు పంపాడు. 1874లో ఇద్దరూ కలిసి దాన్ని పరిశోధనా పత్రంగా అచ్చు వేశారు. ఈరోజు ఆ లెక్కని గాల్టన్-వాట్సన్ ప్రక్రియ అంటారు.

మన భాషలో చెప్తా. వెయ్యి మంది మనుషులు, వెయ్యి వేరువేరు ఇంటిపేర్లు అనుకోండి. ఇంటిపేరు కొడుకులకే పోతుంది. సగటున ఇంటికి ఒక కొడుకు. కానీ సగటే, ఒకరికి ముగ్గురు ఉంటారు, ఒకరికి ఇద్దరు, ఒకరికి అందరూ ఆడపిల్లలే. లెక్క కట్టి చూశాను. మొదటి తరంలోనే దాదాపు 370 ఇంటిపేర్లు పోతాయి. 5 తరాలకి మిగిలేవి 270 దాకా. 10 తరాలకి 160 దగ్గర. జనాభా తగ్గలేదు, యుద్ధం రాలేదు, రోగం రాలేదు. ఊరికే, లెక్క ప్రకారమే పోయాయి. సగటు ఒకటి దాటకపోతే, ఎంత కాలమైనా పట్టనీ, చివరికి ప్రతి పేరూ పోవాల్సిందే.

ఇప్పుడు మన పరిస్థితి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అందులో కొడుకులు సగం చిల్లర. అంటే ఒకటి కంటే తక్కువ. పదిమందికి మాత్రమే ఉన్న ఇంటిపేరు ఏదైనా ఉంటే, దాని టైమ్ మొదలైపోయినట్టే.

దత్తత దీనికి పాత మందు. శ్రీశ్రీ గారిదే చూడండి. పుట్టింటి పేరు పూడిపెద్ది. శ్రీరంగం సూర్యనారాయణ గారికి దత్తత కావడంతో శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. శ్రీశ్రీలో మొదటి శ్రీ ఆ దత్తింటి పేరే. ఒక ఇంటిపేరు నిలబడింది, ఇంకోటి ఆ మనిషి దగ్గర ఆగిపోయింది.

కానీ ఫ్రెండ్స్, కొడుకుల లెక్క కంటే వేగంగా పనిచేసేది ఇంకోటుంది. అదే చుక్క. ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసేశాక, మనిషి బతికుండగానే పేరు పోతుంది. కొడుకులు నలుగురున్నా లాభం లేదు, నలుగురికీ కె చుక్కే మిగులుతుంది. ఆ తర్వాత పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. అంటే ఈ మనిషి పేరు తెలియదు అని!

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాటేసి పోతే నేను నిజం చెప్పినట్టు కాదు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో కొత్తగా వచ్చినవాణ్ణి "పేరేంటి" అని అడిగి, చెప్పాక "పూర్తి పేరేంటి" అని మళ్ళీ ఎందుకు అడుగుతారో మీకు తెలుసు. కులం పట్టుకోవడానికి. అలా అడిగించుకుని విసిగిపోయినవాడు చుక్క వెనక దాక్కుంటే నేను తప్పు పట్టను. నా ఫ్రెండ్ ఒకడు అన్నాడు, "నీకది చరిత్ర, నాకది చెకింగ్ పోస్ట్" అని. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంటిపేరు బయటికి చెప్పాలా వద్దా అనేది ఎవరి ఇష్టం వాళ్ళది. నేను అడిగేది ఒక్కటే: మనకైనా తెలిసి ఉందా?

ఆడవాళ్ళ సంగతైతే ఇంకా ఘోరం. పెళ్ళయితే పుట్టింటి పేరు ఒక్క రోజులో పోతుంది. మా నాయనమ్మ పుట్టింటి పేరు నాకు 27 ఏళ్ళు వచ్చేదాకా తెలీదు. నేను అడగలేదు, ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

చివరగా బూర్గుల గారి దగ్గరికే వద్దాం. ఆయన వకీలుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేసిన ఒక కుర్రాడు తర్వాత దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. పీవీ నరసింహారావు. సీనియర్‌కి ఇంటిపేరే పేరైపోయింది, బూర్గుల అంటే చాలు. జూనియర్ ఇంటిపేరు పి అయింది. పి అంటే పాములపర్తి. సిద్దిపేట జిల్లాలో ఆ పేరుతో ఊరు కూడా ఉంది. మన రాష్ట్రం నుంచి ప్రధాని అయిన మనిషి ఇంటిపేరు ఎంతమందికి తెలుసో మీ హాస్టల్ రూంలో ఒకసారి అడిగి చూడండి.

సరే, బూర్గుల పేరైనా పూర్తిగా మిగిలిందా అంటే, అశోక్‌నగర్ నుంచి ట్యాంక్‌బండ్ వైపు పోతే ఒక పెద్ద ప్రభుత్వ భవనం వస్తుంది. 2019 నుంచి 2023లో కొత్త సచివాలయం తెరిచేదాకా రాష్ట్ర పాలన అక్కడి నుంచే నడిచింది. దాని పేరు బూర్గుల రామకృష్ణారావు భవన్. మనమేమంటాం? బీఆర్‌కే భవన్. బస్సులో, ఆటోలో, టీవీలో అదే మాట. పుల్లంరాజుని బూర్గుల మింగింది. బూర్గులని 'బీ' మింగింది.

మా ఇంటిపేరు ఏంటో ఈ వీడియోలో చెప్పట్లేదు. అది ఎంత అరుదంటే, చెప్తే సాయంత్రానికల్లా మా నాన్నకి ఫోన్లు మొదలవుతాయి. నాకు తెలిసినంతవరకు నా తర్వాత దాన్ని మోయడానికి ఎవరూ లేరు. అక్కకి ఇద్దరు పిల్లలు, వాళ్ళది బావ ఇంటిపేరు. లెక్క ప్రకారం అది పోవచ్చు, పోనీ. కానీ రాసిపెట్టడానికి కొడుకు అక్కర్లేదు కదా. పోయిన ఆదివారం ఒక నోట్‌బుక్ కొని, మా ఇంటిపేరు, అమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మది, అమ్మమ్మది, నాలుగూ పూర్తిగా రాశాను. ఒక్కోదాని పక్కన ఊరు. అమ్మమ్మది ఊరి పేరు కాదని, ఏంటో తనకీ తెలీదని చెప్పింది. అక్కడ గీత గీసి వదిలేశా.

ఈ ఎపిసోడ్ అయ్యాక మీరు చేయాల్సింది ఒక్క ఫోన్ కాల్. నాయనమ్మో, అమ్మమ్మో, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరుంటే వాళ్ళకి. "మీ పుట్టింటి పేరేంటి?" అని అడగండి. కామెంట్లో మాత్రం రాయకండి, చాలా బ్యాంకుల్లో అదే సెక్యూరిటీ ప్రశ్న. నోట్‌బుక్‌లో రాసుకోండి. చుక్క పెట్టకుండా రాసుకోండి.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.