చెన్నపట్నం నుండి కాశికి ఎంత దూరం?

ఈ ప్రశ్న నేడు అడిగితే, ఆకాశమార్గాన సుమారు 1,400 కిలోమీటర్లనీ, నేరుగా పోయే విమానంలో రమారమి రెండున్నర గంటలనీ జవాబు వస్తుంది. ఇదే ప్రశ్నకు ఏనుగుల వీరాస్వామయ్య గారి జవాబు ఒక గ్రంథమంత ఉన్నది.

చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారసమేతంగా బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశి చేరారు. పిమ్మట గయ, కలకత్తా, పూరీ జగన్నాథం దర్శించి, సముద్రతీరపు దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మొత్తం పదిహేను మాసాల పైచిలుకు.

పల్లకీ మోసే బోయీల అడుగే ఆనాటి వేగం. ఆ దూరాన్ని నిజంగా కొలిచినవి వారి పాదాలే. మజిలీ మజిలీకీ నీటి వసతి, అంగళ్లు, దారి బాగోగులు, నదులు దాటిన వైనం, జనుల ఆచారాలు వీరాస్వామయ్య గారు వ్రాసిపెట్టి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపుతూ వచ్చారు. 1836లో ఆయన కాలధర్మం చెందగా, 1838లో పిళ్ళె గారు ఆ వ్రాతలను ‘కాశీయాత్ర చరిత్ర’గా ముద్రింపించారు.

ఆనాటి శ్రమ మరల రావాలని ఎవరూ కోరరు. వృద్ధులు సైతం నేడు సుఖంగా గంగాస్నానం చేసి రాగలుగుతున్నారంటే అది విమానం చేసిన మేలే. అయితే రెండు నగరాల నడుమ కాలం కుంచించుకుపోయిన కొద్దీ, నడుమనున్న ఊళ్లు మన ఎరుక నుండి జారిపోయాయి. అవి 1830లో ఎట్లుండెనో తెలియగోరే చదువరులకు ఆ పాత దినచర్యే దారి చూపుతుంది.