బందరును ముంచింది ఉప్పెనేనా?

బందరు ఎందుకు చితికిపోయిందని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే జవాబు: ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీద పడిందనీ, దాంతో రేవు పని అయిపోయిందనీ వింటూనే పెరిగాం. చరిత్ర పుస్తకాలూ చాలావరకు ఆ మాటే చెబుతాయి. నాకది చాలీచాలని మాటగా తోస్తుంది.

తొలి వైభవం తెలిసిందే. గోల్కొండ సుల్తానులకు ఇది సముద్రద్వారం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో దిగారు. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి కోట గెలిచాడు. ఇందరిని రప్పించింది చిరివేరు ఎరుపుతో అద్దిన మన బట్ట.

ఆ బట్టకు గిరాకీ ఎప్పుడు పడిపోయిందన్నదే అసలు ప్రశ్న. 1813 చట్టంతో భారత వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీ గుత్త పోయింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానుకుంది. బయానాలిచ్చి నేయించిన పెద్ద బేరగాడు అలా తప్పుకున్నాడు. మాంచెస్టరు మిల్లుబట్ట చవగ్గా దిగింది. 1832-33లో డొక్కల కరువు ఈ ప్రాంతపు నేతగాళ్ల నడ్డి విరిచింది. ఇదంతా ఉప్పెనకు ముప్పై ఏళ్ల ముందటి మాట. రేవులో ఒండ్రు మేటవేయడమే కారణమనేవారూ ఉన్నారు. కానీ పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేయడం గోల్కొండ కాలంలోనూ ఉన్నదే. బట్ట ఉన్నన్నాళ్లూ పడవల మీద సరుకు చేరవేసుకుని మరీ వ్యాపారం చేశారు.

ఉప్పెనను తక్కువ చేయను. సుమారు 30,000 మంది పోయారని అంచనా. పర్షియాకు అద్దకం బట్ట ఆ తర్వాతా కొంతకాలం వెళ్లింది కనుక నా వాదానికీ హద్దుంది. అయినా నిండు వ్యాపారమున్న ఊరైతే తేరుకునేది. ఆ అవకాశాన్నీ రైలు తీసేసింది. నిజాం రైలు 1889లోనే బెజవాడ చేరింది. బందరుకు రైలు 1908లో గాని రాలేదు. ఈలోగా సరుకు దారి మళ్లిపోయింది.

ఉప్పెనతోనే ఊరు చచ్చిందనేవారు తర్వాతి కాలానికి ఏం జవాబు చెబుతారు? 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు పుట్టింది ఇక్కడే. సరుకు పోయిన ఊరు ఆలోచనకు రేవైంది.

నేడు ఆ పట్టూ సడలింది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి, పేరు చెరిగిపోయింది. అద్దకం ఎక్కువగా పెడనలో బతుకుతోంది. యంత్రం అచ్చేసిన గుడ్డ కలంకారీ పేరుతో దాని కడుపు కొడుతోంది. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. సంతోషమే. అయితే ఊళ్లో మాటలన్నీ రేవు లోతు గురించే. ఊరి చేతిపని గురించి వినబడదు. పాత రేవుకు లోతు లేదు, మగ్గముంది. కొత్త రేవుకు లోతు ఉంటుంది. మగ్గం మాటేమిటి?